చెంబెడు నీళ్లూ మోక్షమూ

పూర్వం కృష్ణా జిల్లా మెట్ట పల్లెల్లో పురుడు పోసేది మంత్రసాని. చాలా ఊళ్లలో ఆమె మంగలి ఇంటి మనిషో చాకలి ఇంటి మనిషో అయ్యుండేది. క్రైస్తవుల ఇళ్లలో కాన్పులకూ ఆమెనే పిలిచేవారు. పుట్టిన బిడ్డ ఏడవదు, ఒళ్లు నీలం తిరుగుతోంది, గురువు (ఫాదరు) చూస్తే ఎక్కడో బెజవాడలో ఉన్నారు. అలాంటప్పుడు ఆ బిడ్డకు జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇవ్వగలిగింది ఎవరు? కతోలిక శ్రీసభ ఈ ప్రశ్నకు 1439లోనే, ఫ్లోరెన్సు మహాసభలో జవాబు చెప్పింది. గురువు లేకుంటే గృహస్థు ఇవ్వొచ్చు, మగవాళ్లు లేకుంటే ఆడవాళ్లు ఇవ్వొచ్చు, అసలు క్రైస్తవులే కాని వాళ్లయినా ఇవ్వొచ్చు. అంటే తాను జ్ఞానస్నానం పొందని మంత్రసాని చేతి మీదుగా జరిగినా అది చెల్లుతుంది. పోపు చేతి మీదుగా జరిగిన దానికీ దీనికీ విలువలో తేడా లేదు.

జ్ఞానస్నానం లేనిదే మోక్షం లేదని అంత గట్టిగా నమ్మిన సభ, దాన్ని ఇచ్చే అధికారాన్ని అంత సులువుగా అందరి చేతుల్లోనూ పెట్టింది. ఈ రెండు సంగతులనూ కలిపి చూస్తే తప్ప మెట్ట ప్రాంతపు కతోలికుల చరిత్ర అర్థం కాదు.

ఇచ్చే పద్ధతి చాలా చిన్నది. బావి నీళ్లయినా చెరువు నీళ్లయినా మామూలు నీళ్లు చాలు. తడి వేలితో నుదుట రాస్తే చెల్లదు. నీళ్లు తల మీద పడి, చర్మానికి తగిలి జారాలి. నీళ్లు పోసే చేయీ మాట పలికే నోరూ ఒకే మనిషివై ఉండాలి. పితా పుత్ర పవిత్రాత్మల పేర స్నానమిస్తున్నానని చెప్పాలి. శ్రీసభ చేసే పనే తానూ చేస్తున్నానన్న తలంపు ఉంటే సరి, దాని వెనక వేదాంతమంతా తెలియనక్కర్లేదు. బిడ్డ బతికి బట్టకడితే గురువు వచ్చినప్పుడు తైలం పూయడం, తెల్లబట్ట కప్పడం వంటి మిగతా తంతు పూర్తి చేస్తారు. నీళ్లు మాత్రం మళ్లీ పోయరు. 1614 నాటి రోమన్ కర్మవిధి గ్రంథమైతే, విశ్వాసులందరికీ, ముఖ్యంగా మంత్రసానులకు ఈ పద్ధతి వచ్చేట్టు చూసుకొమ్మని విచారణ (పారిష్) గురువులకు పని అప్పగించింది.

మెట్టకు ఈ ఏర్పాటు ఎందుకంత అవసరమైందో తెలియాలంటే ఆ నేలను చూడాలి. బెజవాడ నుంచి హైదరాబాదు దారి పడితే 50 కిలోమీటర్ల దాకా వెళ్లాక నందిగామ, ఇంకో పాతిక ముప్పై దాటితే జగ్గయ్యపేట. నందిగామ వైపు మున్నేరు, పేట పక్కన పాలేరు. రెండూ వానాకాలంలో పొంగి, వేసవిలో ఎండే ఏళ్లు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు బేతవోలు దగ్గర పట్నం కట్టించి తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. ఆయన కన్నా ఎన్నో వందల ఏళ్ల ముందే ఇక్కడ బౌద్ధులు స్తూపం కట్టారు. 1882లో పురావస్తు శాస్త్రజ్ఞుడు బర్జెస్ దాన్ని తవ్వించాడు. మతాలు రావడం, పోవడం ఈ మట్టికి కొత్త కాదు. 1855 నాటికి కృష్ణ ఆనకట్ట నీళ్లు డెల్టాను తడిపాయి కానీ మెట్టకు ఎక్కలేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ వచ్చేదాకా ఇక్కడి బతుకు వానను నమ్ముకున్నదే. దూరాలు ఎక్కువ, ఊళ్లు చెదురుమదురు, ప్రయాణం ఎడ్లబండి మీద. ఒక గురువు తన విచారణలోని ఊళ్లన్నీ ఒక చుట్టు చుట్టి రావడానికే నెలలు పట్టే రోజుల్లో, ప్రాణం పోయే బిడ్డ ఆయన కోసం ఆగుతుందా?

తెలుగు నేలకు కతోలిక విశ్వాసం దక్షిణం నుంచి వచ్చింది. 18వ శతాబ్ది మొదట్లో ఫ్రెంచి జెసూట్లు కర్ణాటక మిషను పేరుతో పుంగనూరు, కృష్ణాపురం వైపు పనిచేశారు. అక్కడ జ్ఞానస్నానం పొందిన రెడ్డి కుటుంబాలు తర్వాత యుద్ధాలకూ కరువులకూ చెదిరి గుంటూరు సీమకు, ఫిరంగిపురం, పాటిబండ్ల వంటి ఊళ్లకు తరలివచ్చాయి. ఆ మిషను కాలంలోనే జ్ఞానస్నానం చుట్టూ పెద్ద తగవు లేచింది. పోపు దూత తూర్నోన్ పుదుచ్చేరికి వచ్చి 1704లో ఒక శాసనం విడుదల చేశాడు. జ్ఞానస్నానం తంతులో ఎంగిలి తాకించే ఘట్టం ఒకటుంది. ఈ దేశంలో ఎంగిలి అంటే ఎంత ఏవగింపో ఎరిగిన మిషనరీలు దాన్ని వదిలేశారు. వదలడానికి వీల్లేదన్నాడు తూర్నోన్. పసిబిడ్డల జ్ఞానస్నానం ఆలస్యం చేయొద్దన్నాడు, పునీతుల పేర్లే పెట్టాలన్నాడు. మాల మాదిగల వంటి వారి ఇళ్లలో జబ్బుపడ్డ వారి దగ్గరికి గురువు స్వయంగా వెళ్లాల్సిందేనని కూడా అదే శాసనంలో ఉంది. నాలుగు దశాబ్దాలు వాదం నడిచాక 1744లో 14వ బెనెడిక్టు పోపు దాన్ని ఖాయం చేశాడు. ఎంగిలి విషయంలో మిషనరీల పక్షాన న్యాయం ఉంది. గుడిసెలోకి అడుగుపెట్టే విషయంలో మాత్రం రోము మాటే న్యాయం. మోక్షానికి ఈ నీళ్లు తప్పనిసరి అని చెప్పి, అవి అందాల్సిన గుమ్మం తొక్కనంటే ఆ మాటకు విలువేముంది?

1773లో జెసూటు సభ రద్దయింది. వాళ్ల స్థానంలో పారిస్ విదేశీ మిషను గురువులు వచ్చినా, కొద్దిమంది మనుషులకు చాలా పెద్ద దేశం మిగిలింది. పాత కతోలిక ఊళ్లలో పసిబిడ్డల జ్ఞానస్నానాలను నిలబెట్టింది ఎక్కువగా జ్ఞానోపదేశం చెప్పే ఉపదేశులూ ఇంటి పెద్దలూ. ఆ తరాల విశ్వాసం గురువుల కన్నా గృహస్థులకే ఎక్కువ రుణపడింది. సభ చరిత్రలు రాసేవాళ్లు ఈ మాట తగినంత గట్టిగా చెప్పరు.

కృష్ణా జిల్లా కతోలికులకు హైదరాబాదే పెద్ద దిక్కయింది. 1851లో హైదరాబాదు ప్రత్యేక మిషను మండలమైంది. ఐర్లండుకు చెందిన డేనియల్ మర్ఫీ దానికి తొలి అధిపతి. 1855లో ఇటలీలోని మిలాను నుంచి విదేశీ మిషను గురువులు వచ్చారు. 1886లో హైదరాబాదు మేత్రాసనం (డయోసిస్) అయింది, 1933లో బెజవాడ విడిపోయింది, 1937లో బెజవాడ కూడా మేత్రాసనమైంది. దొమినికో గ్రాస్సీ తొలి మేత్రాణులు (బిషప్పు). జగ్గయ్యపేట, నందిగామ విచారణలు ఇప్పటికీ ఆ మేత్రాసనం కిందే ఉన్నాయి. బెజవాడ గుణదల కొండమీద మరియమాత స్వరూపాన్ని 1924లో పెట్టించిన పావులో అర్లాతి కూడా మిలాను గురువే. మెట్ట పల్లెల నుంచి ఫిబ్రవరి ఉత్సవానికి వెళ్లే జనంలో జ్ఞానస్నానం పొందినవాళ్లున్నారు, పొందనివాళ్లూ వేలల్లో ఉన్నారు.

ఈ మిషనరీలు వెంట తెచ్చిన సిద్ధాంతం ఒకటే ముక్కలా కనిపిస్తుంది కానీ లోపల రెండు పేటలున్న తాడది. నీటివల్లా ఆత్మవల్లా మళ్లీ పుట్టనివాడు దేవుని రాజ్యంలోకి రాలేడని యోహాను సువార్త మూడో అధ్యాయంలో యేసు నికొదేముతో అంటాడు. అది మొదటి పేట. రెండోది కూడా అంత పాతదే. 392లో రోము చక్రవర్తి రెండో వాలెంటీనియన్ చనిపోయాడు. జ్ఞానస్నానం కావాలని అడిగి, అది అందకుండానే పోయిన యువకుడు. ఆయన అంత్యక్రియల ప్రసంగంలో మిలాను మేత్రాణులు పునీత అంబ్రోసు, కోరుకున్న వరం అతనికి దక్కిందని ఆయన అక్కచెల్లెళ్లను ఓదార్చాడు. స్నానానికి ముందే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్లకు వాళ్ల రక్తమే జ్ఞానస్నానమని అంతకుముందే నమ్మకం ఉంది. 13వ శతాబ్దిలో అక్వినాసు తోమా ఈ మూడింటినీ, నీటిని, రక్తాన్ని, కోరికను, ఒక వరసలో పెట్టి చెప్పాడు. 1547లో త్రెంతు మహాసభ కూడా, జ్ఞానస్నానం గానీ దాని మీద కోరిక గానీ లేకుండా మనిషి నీతిమంతుడు కాలేడని రాసింది. ఆ ‘గానీ’ని ఎవరూ తీసేయలేదు. పల్లెల్లో జ్ఞానోపదేశం చెప్పేటప్పుడు మాత్రం మొదటి పేటే ఎక్కువ వినిపించేది.

పెద్దవాళ్ల విషయంలో గురువులు తొందరపడేవారు కాదు. మెట్టలో కతోలికులైనవాళ్లు చాలావరకు మాల, మాదిగ పేటల కూలిజనం. పొద్దంతా మిరప చేనులోనో పత్తి చేనులోనో పనిచేసి వచ్చి, రాత్రి దీపం దగ్గర ఉపదేశి చెబుతుంటే పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం, పది ఆజ్ఞలు నోటికి నేర్చుకోవాలి. చదువు రానివాళ్లకు ఇదంతా వినికిడి మీద రావాల్సిందే. ఆడవాళ్లకు చెప్పడానికి ఆడవాళ్లే కావాలని ఏలూరులో సిల్వియో పాస్క్వాలి అనే మిలాను గురువు పునీత అన్నమ్మ ఉపదేశి కన్యల సభను పెట్టాడు. నెలల తరబడి నేర్చుకుని, గురువు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాకే నీళ్లు. ఆ మధ్యలో మనిషి చావుబతుకుల్లో పడితే ఈ షరతులన్నీ పక్కకు తప్పుకునేవి. ఒక్క దేవుణ్ణి, త్రిత్వాన్ని, క్రీస్తును నమ్ముతున్నానని తల ఊపితే చాలు. కలరా వచ్చిన ఏట ఉపదేశి చెంబు పట్టుకుని గుడిసె గుడిసెకూ తిరగడమంటే ఇదే.

ఇదే కాలంలో ఒంగోలు బాప్టిస్టుల కథ నడిచింది. జ్ఞానస్నానం వల్ల మోక్షం రాదనీ, విశ్వసించిన మనిషి బయటికి ఇచ్చే సాక్ష్యం మాత్రమే అదనీ వాళ్ల నమ్మకం. 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని జనానికి పని చూపించాడు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు సాయం ఆగేదాకా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. మోక్షానికి అవసరం లేదన్న సంఘం వేలమందిని ఒక్క రోజున నదిలో ముంచింది. తప్పనిసరి అన్న సభ ఒక్కొక్కరినీ నెలల తరబడి గుమ్మం బయట నిలబెట్టింది. దేన్ని ఎంత విలువైనదిగా చూస్తామో అంత జాగ్రత్తగా ఇస్తామన్నది కతోలికుల తర్కం. అది తప్పు కాదు. అయితే ఆ ఆగడానికి అర్థం ఉండాలంటే, ఆగి ఉన్నప్పుడు పోయిన మనిషి పోగొట్టుకున్నదేమీ లేదని కూడా అంతే గట్టిగా చెప్పాలి. అంబ్రోసు చెప్పింది అదే.

మెట్టలో పోటీ కూడా ఉండేది. రాఘవాపురం మాలపేట పెద్ద పగోలు వెంకయ్య 1859లో బెజవాడలో ఆంగ్లికన్ మిషనరీ డార్లింగ్‌ను కలిశాడు. అక్కణ్ణుంచి చర్చ్ మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) సంఘాలు ఊరూరా వ్యాపించాయి. ఆ సంఘాల వారసులే ఇవాళ దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ. వాళ్లు. ఒకే పేటలో ఒక వరస ఆర్.సి.ఎం. (కతోలికులు), పక్క వరస సి.ఎస్.ఐ. ఉన్న ఊళ్లున్నాయి, రెండింటి మధ్యా పెళ్లిళ్లు జరుగుతాయి. నీళ్లూ త్రిత్వ నామమూ సరిగా ఉంటే సి.ఎస్.ఐ. బాప్తిస్మాన్ని కతోలిక సభ ఒప్పుకుంటుంది, మళ్లీ ఇవ్వదు. మంత్రసాని స్నానం చెల్లితే పక్కింటి పాస్టరు ఇచ్చింది చెల్లకపోవడమేమిటి?

కొత్తగా చేరిన తరాన్ని వేధించే ప్రశ్న ఇంకొకటి. మనం నీళ్లు పోయించుకున్నాం, మరి మన తాతముత్తాతల మాటేమిటి? 1549 నుంచి 1551 దాకా జపానులో తిరిగిన పునీత ఫ్రాన్సిస్ జేవియరును అక్కడి విశ్వాసులు ఈ ప్రశ్నే అడిగి ఏడ్చారు. వాళ్లకు ఓదార్పు చెప్పలేక తానూ బాధపడినట్టు ఆయన ఉత్తరంలో రాశాడు. పితృదేవతలకు తద్దినం పెట్టే దేశంలో, పెద్దల పండక్కి కొత్త బట్టలు పెట్టే తెలుగు ఇళ్లలో ఈ బాధ జపాను బాధకు తక్కువది కాదు. జేవియరు దగ్గర లేని జవాబు సభకు మూడు శతాబ్దాల తర్వాత నోటికొచ్చింది. తన తప్పేమీ లేకుండా సువార్త వినని మనిషి, మనసులోని ధర్మాన్ని పాటించి బతికితే, దేవుని వెలుగుతో నిత్యజీవం పొందగలడని 9వ పియూసు పోపు 1863లో రాశాడు. 1964లో రెండో వాటికన్ మహాసభ ఆ మాటనే ఇంకా స్పష్టంగా చెప్పింది. మధ్యలో బోస్టన్‌లో లియోనార్డ్ ఫీనీ అనే జెసూటు, నీటి జ్ఞానస్నానం లేని ఎవరికీ మోక్షం లేదని పట్టుబట్టాడు. 1949లో రోము ఆ వాదాన్ని తప్పని తేల్చింది, 1953లో అతణ్ణి వెలివేసింది. అందరికన్నా కఠినంగా మాట్లాడినవాడే సభ బయటికి పోవాల్సి వచ్చింది. 1972లో మళ్లీ కలుపుకున్నారు.

తాతల కన్నా దగ్గరి బాధ పసిబిడ్డలది. ఉపదేశి వచ్చేలోపు, మంత్రసానికి తోచేలోపు పోయిన బిడ్డలు. 1951 ప్రాంతంలో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో ఏడాది నిండకుండా పోయినవాళ్లు 146 మంది. మెట్ట పల్లెలో నలుగురైదుగురిని కన్న తల్లుల్లో ఒక్క బిడ్డనైనా మట్టి చేయనివాళ్లు అరుదు. ఆ బిడ్డల్లో జ్ఞానస్నానం లేకుండా పోయినవాళ్ల గతేమిటి? జన్మపాపం కడగని బిడ్డకు పరలోకం లేదని అగస్టీను, ఆయన్ను అనుసరించి 418లో కార్తేజు సభ గట్టిగా చెప్పాయి. అంత కాఠిన్యాన్ని భరించలేక మధ్యయుగపు పండితులు లింబో అనే చోటును ఊహించారు. అక్కడ బాధ ఉండదు, దేవుని దర్శనమూ ఉండదు. సభ దాన్ని ఎప్పుడూ విశ్వాస సత్యంగా ప్రకటించలేదు. జ్ఞానోపదేశంలో మాత్రం అది వందల ఏళ్లు నడిచింది.

దాని బరువు తల్లి మీద పడింది. 1917 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం ప్రకారం జ్ఞానస్నానం లేకుండా పోయినవాళ్లకు సభ తరఫున ఖననం లేదు. దీవించిన సమాధుల తోట పక్కన, వీలైతే కంచె వేసి, అలాంటివాళ్లకు వేరే చోటు ఉంచమని కూడా అందులో ఉంది. పసికందుకు గురువు రారు, ప్రార్థన లేదు, సిలువ లేదు. తొమ్మిది నెలలు మోసిన మనిషికి ఇంతకన్నా పెద్ద శిక్ష ఉండదు, పైగా ఆమె చేసిన తప్పేమీ లేదు. ఆ బాధ సభ పుస్తకాల్లో కనిపించదు, ఆడవాళ్ల నోట తరతరాలు నిలిచింది. అదే ధర్మశాస్త్రం, అదే నిబంధనలో, ఉపదేశం పొందుతూ తమ తప్పు లేకుండా స్నానం అందక పోయిన పెద్దవాళ్లను జ్ఞానస్నానం పొందినవాళ్లతో సమానంగా చూడమంది. కోరిక చెప్పగల పెద్దవాళ్లకు దారి దొరికింది, నోరులేని బిడ్డకు దొరకలేదు.

ఆ భయంలోంచే ఇంకో ఆచారం పుట్టింది. చావుకు దగ్గరైన అన్యమతస్థుల బిడ్డలకు, ఒక్కోసారి తల్లిదండ్రులకు తెలియకుండానే, ఉపదేశులూ వైద్యం చేసేవాళ్లూ నీళ్లు పోసేవారు. జెసూటుల ఉత్తరాల్లో ఇలాంటి ఉదంతాలు సంతోషంగా రాసుకున్నవి చాలా ఉన్నాయి. 1843లో ఫ్రాన్సులో పుట్టిన తిరుబాలసభ, మిషను దేశాల పసిబిడ్డలకు జ్ఞానస్నానం అందించడానికీ వాళ్లను పెంచడానికీ యూరపు పిల్లల చేత చందాలు వేయించింది. వాళ్ల ఉద్దేశం కరుణే. కానీ తల్లిని దాటి వెళ్లే కరుణ ఎక్కడిదాకా పోతుందో 1858లో బొలోనియాలో తేలింది. యూదుల ఇంట్లో పనిపిల్ల, జబ్బుపడ్డ పసివాడికి రహస్యంగా నీళ్లు పోసింది. వాడు బతికాడు. కొన్నేళ్లకు ఆ సంగతి బయటపడగా, క్రైస్తవ బిడ్డను యూదుల ఇంట ఉంచకూడదని పోపు రాజ్యపు పోలీసులు ఆరేళ్ల ఎద్గార్దో మొర్తారాను తల్లిదండ్రుల నుంచి తీసుకుపోయారు. ప్రపంచమంతా గగ్గోలు పెట్టినా తిరిగి ఇవ్వలేదు. ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకు తల్లిదండ్రులు ఒప్పుకోకపోయినా జ్ఞానస్నానం ఇవ్వొచ్చన్న నిబంధన 1983 ధర్మశాస్త్రంలో ఇంకా ఉంది. అది ఉండకూడదు. ఎవరి చేతి నీళ్లయినా చెల్లుతాయన్న ఉదారత, ఎవరి బిడ్డ మీదైనా పోయొచ్చన్న హక్కుగా మారితే ఆ సిద్ధాంతానికే మచ్చ.

బిడ్డల విషయంలో రోము మాట మారడానికి చాలాకాలం పట్టింది. రెండో వాటికన్ తర్వాత, జ్ఞానస్నానం ఇప్పించాలని తల్లిదండ్రులు అనుకున్న బిడ్డ ముందే పోతే సభ ఖననం చేయవచ్చన్నారు. 1983 ధర్మశాస్త్రం దాన్ని నిబంధనగా రాసింది. 1992 నాటి సత్యోపదేశ గ్రంథం అలాంటి బిడ్డలను దేవుని కరుణకు అప్పగించింది. రక్షణను దేవుడు జ్ఞానస్నానానికి ముడిపెట్టాడు కానీ తాను మాత్రం దానికి కట్టుబడి లేడని అదే గ్రంథం అంటుంది. 2007 ఏప్రిల్‌లో, 16వ బెనెడిక్టు అనుమతితో, అంతర్జాతీయ వేదాంత సంఘం ఒక పత్రం వెలువరించింది. లింబో అనేది దేవుని రక్షణ సంకల్పాన్ని అనవసరంగా కుదించే భావన అనీ, ఆ బిడ్డలు పరలోకంలో ఉంటారని ఆశించడానికి గట్టి కారణాలున్నాయనీ చెప్పింది. ఇది ఆశే తప్ప రూఢిగా తెలిసింది కాదనీ, అందువల్ల జ్ఞానస్నానం ఆలస్యం చేయొద్దనీ కూడా చెప్పింది. అప్పటికి మన దేశంలో శిశు మరణాలు చాలా తగ్గాయి. 2020 లెక్కల్లో వెయ్యికి 28. ఈ ఓదార్పు అవసరమైన తల్లుల్లో ఎక్కువమంది అది వినకుండానే వెళ్లిపోయారు.

ఆనాటి కృష్ణా జిల్లాలోనే అసలు ఆ నీళ్లే వద్దన్న మనిషి ఒకరుండేవారు. మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావుకు 1942లో క్రీస్తు దర్శనమైంది. ఆయన రోగుల కోసం ప్రార్థించారు, పాటలు కట్టారు, ఆయన చుట్టూ వేలమంది చేరారు. చర్చి అక్కర్లేదు, పాదిరీ అక్కర్లేదు, బాప్తిస్మం అసలే అక్కర్లేదు అన్నారు. క్రీస్తు కావాలి గానీ క్రైస్తవుల కులంలోకి మారాల్సిన పనిలేదన్నది ఆయన వాదం. డేనిష్ వేదాంతి కాయ్ బాగో 1968లో ఈ ఉద్యమం మీద పుస్తకం రాశాక, దేశమంతటా వేదాంత కళాశాలల్లో సుబ్బారావు పేరు చర్చకు వచ్చింది. కతోలిక సభ ఆయనతో ఏకీభవించదు. కోరిక నీళ్ల బదులు పనిచేసేది నీళ్లు అందనప్పుడే, అందినా తోసేసినప్పుడు కాదు. జ్ఞానస్నానం ద్వారా చేరే శ్రీసభ రక్షణకు అవసరమని తెలిసి కూడా అందులోకి రావడానికి నిరాకరించినవాళ్లకు రక్షణ లేదని 1964 మహాసభే రాసింది.

సిద్ధాంతంలో ఈ గీత స్పష్టంగానే ఉంది. నందిగామలో దాన్ని గీయడం కష్టం, ఎందుకంటే అక్కడ జ్ఞానస్నానం మీద ప్రభుత్వానికీ ఒక మాట ఉంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాళ్లు షెడ్యూల్డు కులాల కిందికి రారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు వచ్చింది, క్రైస్తవులకు రాలేదు. క్రైస్తవులైన దళితులను మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల సి గ్రూపులో పెట్టారు, అక్కడ రిజర్వేషను ఒక్క శాతం. 1977లో జి.ఓ. 341తో చట్టంతో సంబంధం లేని కొన్ని రాయితీలు మాత్రం ఇచ్చారు. నందిగామ శాసనసభ స్థానం 2009 ఎన్నికల నుంచీ ఎస్సీ రిజర్వుడు. చర్చి రిజిస్టరులో ఒక వరస ఇక్కడ చదువును, ఉద్యోగాన్ని, ఎన్నికను తారుమారు చేయగలదు.

న్యాయస్థానాలు ఆ రిజిస్టరును ఎంత తీవ్రంగా తీసుకుంటాయో చూస్తే దాని బరువు తెలుస్తుంది. 1976లో గుంటూరు వైద్య కళాశాల సీటు కేసులో, క్రైస్తవ తల్లిదండ్రుల బిడ్డ తిరిగి హిందువైతే, కులం వాళ్లు ఒప్పుకుంటే ఎస్సీ హోదా దక్కొచ్చని సుప్రీంకోర్టు అంది. 2024 నవంబరు 26న పుదుచ్చేరి మహిళ కేసులో తీర్పు చెబుతూ, పసితనంలో ఆమెకు జరిగిన జ్ఞానస్నానాన్నీ, ఆమె చర్చికి వెళ్తుండడాన్నీ ఆధారంగా తీసుకుని ఎస్సీ ధ్రువపత్రం కుదరదంది. ఊహ తెలియని నెలల బిడ్డ తల మీద పడిన నీళ్లు ముప్పై ఏళ్ల తర్వాత కోర్టులో సాక్ష్యమయ్యాయి. 2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ, దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేసింది. అంతకు ముందు ఏడాది అక్టోబరులో కేంద్రం కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన విచారణ సంఘాన్ని వేసింది.

ఈ లెక్కలన్నిటి మధ్య మెట్టలో ఒక రకం విశ్వాసులు పెరిగారు. ఆదివారం పూజకు వస్తారు, జపమాల చెబుతారు, గుణదల కొండ ఎక్కుతారు. జ్ఞానస్నానం మాత్రం తీసుకోరు, లేదా పిల్లల చదువులు అయ్యాక చూద్దామంటారు. వీళ్లది నిరాకరణా, కోరికా? సంఘాల్లో వీళ్లను పిరికివాళ్లని తేలిగ్గా అనేసేవాళ్లున్నారు. అది అన్యాయం. క్రీస్తును వద్దన్నది వాళ్లు కాదు. క్రీస్తుకూ బిడ్డ రిజర్వేషనుకూ మధ్య ఒకటి ఎంచుకోమని అడిగింది చట్టం. కులం మతం మారినా మారదని ప్రతి పేటకూ తెలుసు. సమాధుల తోటల్లో కూడా కులం గోడలు కట్టిన సభకు ఆ సంగతి ఇంకా బాగా తెలుసు. ఇలాంటి నిర్బంధంలో ఆగిన మనిషిని, తెలిసి తోసేసినవాడితో ఒక గాటన కట్టడానికి త్రెంతు సభ రాసిన ఆ ‘గానీ’ ఒప్పుకోదు.

1972లో వచ్చిన పెద్దల ప్రవేశ కర్మవిధి ఈ ఆగినవాళ్లలో ముందుకు రాగలిగినవాళ్లకు ఒక మెట్టు ఇచ్చింది. ముందు అందరి ఎదుటా, జ్ఞానస్నానానికి సిద్ధమయ్యే జ్ఞానార్థులుగా స్వీకరించి వాళ్ల పేర్లు వేరే పుస్తకంలో రాస్తారు. తర్వాత ఉపదేశం, తపస్సు కాలంలో ఎన్నిక, ఈస్టరు జాగరణ రాత్రి జ్ఞానస్నానం. పసిబిడ్డలకు మాత్రం పుట్టిన కొద్ది వారాల్లోనే ఇప్పించమని 1983 ధర్మశాస్త్రం తల్లిదండ్రులకు చెబుతోంది, ప్రాణం మీదికొస్తే ఎవరైనా వెంటనే ఇవ్వొచ్చన్న పాత నియమమూ అలాగే ఉంది. ఇప్పుడు కాన్పులు ఆసుపత్రుల్లో జరుగుతున్నాయి కాబట్టి ఆ పని ఎక్కువగా నర్సుల పాలిట పడుతోంది. జ్ఞానార్థుల పుస్తకంలో పేరున్న మనిషి ఈస్టరు దాకా బతకకపోతే, ఖననం విషయంలో అతను విశ్వాసులతో సమానమని 1983 ధర్మశాస్త్రం 1183వ నిబంధన చెబుతోంది. జగ్గయ్యపేటలోనైనా నందిగామలోనైనా అలాంటి మనిషి పోతే విచారణ గురువు ఇంటికి వెళ్లి ప్రార్థన చేయాలి, శవాన్ని గుడికి తెప్పించాలి, సమాధుల తోటలో అందరి మధ్యే చోటు ఇవ్వాలి.